ముందు చూసింది నేను

ఇన్స్‌బ్రుక్ అనే ఊరిని మా ఇంట్లో ముందు చూసింది నేను. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.

అది కరోనా వచ్చిన మొదటి వేసవి. మేముండేది డబ్లిన్ శివారులో, స్వోర్డ్స్‌లో. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి పొద్దున్న లేస్తే ఇంటి కప్పు మీదుగా విమానాలు పోతుండేవి. మార్చిలో అవి ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టులో సెంటు సీసాలమ్మే కొట్లో నా ఉద్యోగమూ ఆగిపోయింది. "పరిస్థితులు చక్కబడగానే పిలుస్తాం" అన్నాడు మేనేజరు. మా ఆయన విశాల్ పై గదిలో తలుపేసుకుని ఆఫీసు పని చేసుకునేవాడు. మా పాప శ్రావ్యకి బడి లేదు. ఆరునెలలుండి వెళ్దామని జనవరిలో తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య చంద్రకళ, తిరిగి వెళ్ళే దారి లేక మాతోనే ఉండిపోయింది. మా ఆడపడుచు సుధేష్ణ డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చేసి ఏదో ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగంలో ఉండేది. ఆ కాంట్రాక్టు కాస్తా పోయి, అద్దె గది ఖాళీ చేసి, ఒక సూట్‌కేసుతో మా చిన్నగదిలో దిగింది. మూడు గదుల ఇంట్లో అయిదుగురం. కాస్త బయటికి పోదామా అంటే అయిదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడుగుతున్నారు.

అలాంటి రోజుల్లో నాకు ఆ ఊరు దొరికింది. వంటింట్లో ఫోను గోడకానించి ఏదో వంట వీడియో వెతుకుతుంటే, వేలు ఇంకెక్కడో తగిలి తెరుచుకుంది. ఆస్ట్రియా దేశంలో ఒక ఊరి మీద పెట్టిన కెమెరా, పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ముందు ఒక నది. నది ఒడ్డున పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగుల ఇళ్ళ వరస. ఆ ఇళ్ళ నెత్తిన కొండ. ఎక్కడో దూరంగా కాదు, వీధి చివర పాలబూత్ ఉన్నట్టు అక్కడే ఉంది. మే నెలలో కూడా దాని మీద మంచు.

నేను పుట్టింది రేపల్లెలో. మా ఊళ్ళో ఎత్తు అంటే మంచినీళ్ళ ట్యాంకే. నాగార్జున యూనివర్సిటీలో బోటనీ ఎమ్మెస్సీ చదివాను. కొండ మొక్కల గురించి పుస్తకాల్లో చదివి, ఎండబెట్టి అట్టకి అంటించినవి చూసి, పరీక్షలో బొమ్మలు గీసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. అవి పెరిగే చోట ఒక్కసారి కూడా నిలబడలేదు.

ఇంక ఆ కెమెరా వదిలితే ఒట్టు. పొద్దున్న కాఫీ పెడుతూ చూసేదాన్ని. మధ్యాహ్నం గిన్నెలు తుడిచి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే వంటింటి అలమరలో సర్దుతూ చూసేదాన్ని. కొన్నాళ్ళకి ఆ ఊరి యూనివర్సిటీ పేజీ కూడా వెతికి చదివాను. చెట్లు పెరగడం మానేసే ఎత్తులో ఏ మొక్కలు బతుకుతాయి, మంచు కరిగిపోతే వాటి గతేమిటి, అదీ చదువు. పాఠాలు ఇంగ్లీషులోనే. క్లాసయ్యాక ఊరి నడిబొడ్డునే కేబుల్ కారెక్కి పైకి పోవచ్చట. పొద్దున్న వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి బూట్ల నిండా మట్టితో ల్యాబుకి తిరిగొస్తారట. హాస్టలు కిటికీ తీస్తే కొండ. బస్సు కోసం నిలబడితే కొండ. కూరలు కొనుక్కుని ఇటు తిరిగితే కొండ. ఆ ఊళ్ళో చదువుకునేవాళ్ళకి రోజూ ఊరికే దొరికేదాన్ని, నేను అరచేతి ఫోనులో కళ్ళు చికిలించుకుని చూస్తున్నాను.

చూసి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ సుధని కేకేశాను.

"ఇటు రా సుధా, నీకొకటి చూపిస్తా."

కాఫీ కప్పుతో వచ్చింది. వచ్చిన మనిషి అలాగే నిలబడిపోయింది.

"ఇది నిజంగా ఊరేనా వదినా? ఇందులో మనుషులుంటారా?"

"ఉండటమేంటి, చదువుకుంటారు కూడా" అని ఆ కోర్సు గురించి పూసగుచ్చినట్టు చెప్పాను. లింకు పంపమంటే పంపాను. అదీ నేను చేసిన నిర్వాకం.

జూలైలో ఒకరోజు అన్నాలు తింటుంటే చెప్పింది.

"అన్నయ్యా, ఇన్స్‌బ్రుక్‌లో సీటొచ్చింది. అదే, వదిన చూపించిందే, ఆ ఊరు."

నా చేతిలో పప్పుచారు గరిటె ఉంది. అది విశాల్ కంచం దాటి టేబుల్ మీద ఒలికింది. ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ సుధ మీదే ఉన్నాయి.

"సూపర్ రా సుధా! చెప్పనేలేదు!" అన్నాడు విశాల్.

"వస్తుందో రాదోనని చెప్పలేదన్నయ్యా. థాంక్యూ వదినా, నువ్వు చూపించకపోతే నాకు తెలిసేదే కాదు."

ఆ థాంక్యూ నాకు ముల్లులా దిగింది. అయినా నవ్వు మొహం పెట్టి, "అసలు ఆ కోర్సు నేను చదవాల్సింది. నాది కదా బోటనీ" అన్నాను.

విశాల్ కూడా నవ్వాడు. "నువ్వా మధూ? మొన్న పార్కులో ఆ చిన్న గట్టెక్కడానికే నా చెయ్యి పట్టుకున్నావ్."

"మామీ కాన్ట్ క్లైంబ్!" అంది పాప అచ్చం డబ్లిన్ పిల్లలాగా. అందరూ నవ్వారు. వాళ్ళకి ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు.

అత్తయ్య ఒక్కతే నవ్వలేదు.

"ఇంకా చదువేందే? ఆ ఊళ్ళో మనోళ్ళెవరున్నారు? విమానాలు తిరగంగానే నాతో తెనాలి వచ్చెయ్యి. మీ నాన్న సంబంధాలు చూస్తన్నారు."

"రెండేళ్ళేనమ్మా. తర్వాత నువ్వెట్లా అంటే అట్లా."

ఆవిడ ఆ మాట పక్కనపెట్టి పెరుగు గిన్నె ముందుకు లాక్కుంది. సుధకి ఐర్లండ్‌లో ఉండే గడువు సెప్టెంబరు ఆఖరుతో సరి. అయితే ఇన్స్‌బ్రుక్, కాకపోతే తెనాలి. మూడో దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆగస్టంతా నాకు కడుపుమంటే. ఆ పిల్ల ఏం చేసినా మండేది. వంటింట్లో కూర్చుని జర్మన్ మాటలు వల్లె వేస్తే మండేది. వీసా వచ్చిందని ఎగిరి గంతేస్తే మండేది. కొట్లు తెరిచాక కొండలెక్కే బూట్లు కొనుక్కొచ్చి, కాళ్ళకి అలవాటవ్వాలని మా మెట్ల మీద టకటకా ఎక్కి దిగేది.

"ఎవరో నెత్తి మీద అటుకులు దంచుతున్నట్టుంది" అనేదాన్ని కింది నుంచి.

"సారీ వదినా" అని వెంటనే విప్పేసేది. ఆ మంచితనం ఇంకో మంట. తిరిగి నాలుగు మాటలంటే నాకూ కాస్త తేలిగ్గా ఉండేది.

పైగా అది బయోటెక్నాలజీ పిల్ల, మొక్క మొహం ఎరగదు. సాయంత్రాలు వార్డ్ నది పార్కుకి షికారెళ్తే అడుగడుక్కీ ఆగి, "ఇది ఏ ఫ్యామిలీ వదినా? ఇదో?" అని ప్రాణం తీసేది. చెప్పకూడదనే బయల్దేరేదాన్ని. కానీ ఎదురుగా మొక్క విరగబూసి ఉంటే నా నోరు ఆగుతుందా? ఆకు తిరగేసి ఈనెలు చూపించి, పువ్వు విప్పి లోపలి కేసరాలు చూపించి, నలిపి వాసన చూడమని, అంతా చెప్పేదాన్ని.

"నువ్వు చెప్తుంటే ఎంత తేలిగ్గా ఎక్కేస్తుందో! నువ్వు లెక్చరర్‌వి కావాల్సింది వదినా" అంది ఒకసారి.

నేను కావాల్సినవి చాలా ఉన్నాయిలే తల్లీ అనుకున్నాను. నేను వండి వార్చడం, ఆమె విస్తరి ముందు కూర్చోవడం. ఇదీ మా వరస.

కడుపుమంట ఊరికే కూర్చోనివ్వదు. అత్తయ్యకి పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు రోజుకో ముక్క చెవిన వేయడం మొదలుపెట్టాను.

"ఆ కొండల మీంచి మంచు పెళ్ళలు విరిగి పడతాయటత్తయ్యా. కింద మనుషులుంటే పూడ్చేస్తాయట."

"ఆఁ! ఊరి మీదా?"

"ఊరి మీదో, పక్కనో. మంచుకేం తెలుస్తుంది?"

ఇంకోరోజు తిండి సంగతి ఎత్తాను. "ఎటు చూసినా బంగాళాదుంపలూ మాంసమూనట. కూరాకు దొరకదట." స్వోర్డ్స్‌లో మాత్రం ఏం దొరుకుతోందనే ప్రశ్న ఆవిడకి తట్టలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆవిడ బెంగ పెట్టేసుకుంది. తెనాలికి ఫోన్ చేసి మా మామయ్యగారు జానకిరామ్‌తో గుసగుసలాడేది. సెప్టెంబరు ఆఖరులో మన ప్రభుత్వం వేస్తున్న విమానంలో ఆయన చేత రెండు సీట్లు చెప్పించింది. ఒకటి తనకి. రెండోది ఎవరికని పాప అడిగితే మాట మార్చేసింది. నాకు అర్థమైంది. అర్థమై, లోలోపల చల్లగా అనిపించింది కూడా.

సుధ ప్రయాణం శనివారం పడింది. ముహూర్తం అత్తయ్యే పెట్టింది. ఈ దేశంలో ముహూర్తాలంటే పెద్ద తంటా. రాహుకాలం అంటే పగటిలో ఎనిమిదో వంతు. తెనాలిలో అయితే గంటన్నరతో పోతుంది. ఇక్కడ జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురే కాబట్టి, ఆవిడ లెక్కలో రాహుకాలం కూడా సాగి సాగి రెండు గంటలు దాటేది. "ఐర్లండ్‌లో రాహువుకి ఓవర్‌టైమమ్మా" అనేవాడు విశాల్. సెప్టెంబరుకి పగలు తగ్గి రాహువు దారికొచ్చాడు. ఆ శనివారం పది దాటాక మొదలు. ఆలోపు గడప దాటి కారెక్కాలి. ఎయిర్‌పోర్టులోకి ప్రయాణికులని తప్ప రానివ్వడం లేదు గనక విశాల్ ఒక్కడే దింపి వస్తాడు.

సుధ తల్లి కాళ్ళకి దండం పెట్టింది. అత్తయ్య బొట్టు పెట్టి అక్షింతలు వేసింది. ఏడవలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. విశాల్ సూట్‌కేసు తలుపు దగ్గరికి లాగాడు. సుధ మాస్కు తగిలించుకుని, బ్యాగు భుజానికెత్తుకుని, కుడికాలు గడప మీద పెట్టబోయింది.

"హాఛ్!"

ఒక్క తుమ్ము. అత్తయ్యది.

ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం. రెండోది వస్తుందేమోనని అందరం ఆవిడ ముక్కు వైపే చూశాం. జంట తుమ్మైతే శుభం, ఒంటి తుమ్మైతే ప్రయాణం ఆగాలి. రెండోది రాలేదు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని గోడ వైపు తిరిగింది. అది వచ్చిన తుమ్మో, తెప్పించుకున్న తుమ్మో ఆవిడకే తెలియాలి.

"కాసేపు కూర్చోవే. మంచినీళ్ళు తాగు" అంది గోడతో అన్నట్టుగా.

సుధ మెట్ల మీద కూర్చుంది. నీళ్ళు తాగింది. గడియారం వైపు చూసింది. మేమందరం చూశాం.

"పదయిపోతంది. రాహుకాలం వచ్చేస్తంది. ఇంకెట్లా పోతావు? ఈ పూటకి మానుకో. టికెట్టు ఊరికే మార్చుకోవచ్చన్నావుగా" అంది అత్తయ్య.

"సోమవారం అక్కడ సంతకం పెట్టకపోతే సీటు ఇంకొకళ్ళకిచ్చేస్తారమ్మా."

"ఇస్తే ఇయ్యనీ. నాతోపాటు నీకూ సీటు చెప్పించారు నాన్న."

విశాల్ బెంగ ఇంకొకటి. "అమ్మా, జలుబేమైనా చేసిందా? గొంతు నొప్పుందా? మన జీపీ డాక్టరుకి ఫోన్ చేసి అడగనా?"

ఆ రోజుల్లో ఎవరన్నా తుమ్మితే ఇల్లంతా కట్టడే. డాక్టరు టెస్టు చేయించమంటే, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ బయటికి అడుగు పెట్టకూడదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"పొద్దుటి నుంచీ నీరసంగానే ఉందిరా" అంది వెంటనే.

విశాల్ తల్లి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, జేబులోంచి ఫోను తీశాడు.

ఉన్నమాట చెబుతున్నాను, ఆ క్షణం నాకు హాయిగా ఉంది. వేసవంతా ఏది కోరుకున్నానో అది నా చెయ్యి పడకుండానే జరిగిపోతోంది. ఆ ఊరు నాకు దక్కలేదు, ఆమెకీ దక్కదు. సరికి సరి.

అప్పుడు సుధ వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు, వాదించలేదు, గొంతు పెంచలేదు. ఒక బూటు తీసి గోడ వారగా పెట్టింది. రెండోదాని ముడి మీద వేళ్ళు వేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం మనిషి! నాకున్న అడ్డంకుల్లో ఒక్కటీ లేదు దీనికి. మొగుడు లేడు, పిల్ల లేదు, పొద్దున లేస్తే ఎవరికీ కాఫీ పెట్టక్కర్లేదు. సీటుంది, వీసా ఉంది, గుమ్మం ముందు కారుంది. ఇవన్నీ ఉండి, ఒక్క తుమ్ముకి వదిలేసుకుంటుందా? నేనైతే ఆ గడప పాక్కుంటూనైనా దాటేదాన్ని. ఇంత చవగ్గా వదులుకునేదాని కోసమా నేను ఇన్నాళ్ళూ ఏడ్చి చచ్చింది?

"పొయ్యి మీద పనుంది" అని గాలిలోకి అనేసి వంటింట్లోకి వెళ్ళాను.

మూకుడు పెట్టి, నూనె పోసి, మంట పెద్దది చేశాను. కిటికీ మూసేశాను. పొగ లాగే ఫ్యాను జోలికి వెళ్ళలేదు. గుంటూరు నుంచి తెప్పించుకున్న ఎండుమిరపకాయల డబ్బా దించి, గుప్పెడు కాదు, దోసెడు తుంచి నూనెలో పడేశాను. ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, పొగ లేచింది. దించలేదు. హాల్లోకి తలుపు బార్లా తీశాను.

ముందు నాకే తగిలింది. తర్వాత పాపకి. "మామీ! వాట్ ఈజ్ దాట్!" తర్వాత విశాల్, ఇల్లెగిరిపోయేలా. తర్వాత సుధ, మాస్కులోనే. ఆఖరికి అత్తయ్య. ఈసారివి అనుమానం లేని అసలు తుమ్ములు, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగకుండా ఒకదాని వెనక ఒకటి. ఎవరివి ఒంటివో ఎవరివి జంటవో లెక్కపెట్టే నాథుడు లేడు. ఇంతలో మెట్ల పైన పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలుపెట్టింది.

"బయటికి పదండి! బయటికి!" అని దగ్గుతూ అరిచాను.

అందరికంటే ముందు అత్తయ్యే పరుగెత్తింది. నీరసం ఏమైందో మరి. ఆవిడ వెనక పాప. విశాల్ ఏం ఆలోచించి పట్టుకున్నాడో గాని సూట్‌కేసు లాక్కుంటూ పోయాడు. సుధ ఒక కాలికి బూటుతో, రెండో బూటు చేత్తో పట్టుకుని గడప ముందు ఆగిపోయింది. ఆ వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాను. గడప దాటింది.

గేటు దాకా పోయిన అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, లోపల ఎవరు మిగిలారో చూద్దామని రెండడుగులు ఇంటి వైపు వేసింది. ఎదురుగా కూతురు.

"ముత్తయిదువ ఎదురొచ్చింది సుధా!" అని గుమ్మంలోంచి గట్టిగా అన్నాను. "ఇంతకంటే మంచి శకునం లేదు. ఇంక వెనక్కి రాకు. బయల్దేరినవాళ్ళు మళ్ళీ గడప ఎక్కకూడదు."

అత్తయ్య ఏమంటుంది? అవన్నీ ఆవిడ నాకు నేర్పినవే.

ఎదురింటి మోయిరా కిటికీ తీసి, "ఆర్ యూ ఆల్‌రైట్? విల్ ఐ రింగ్ ద ఫైర్ బ్రిగేడ్?" అని కేకేసింది.

"గ్రాండ్, మోయిరా! జస్ట్ కుకింగ్!" అన్నాను.

"అమ్మకి ఆ దగ్గు చూడు మధూ, టెస్టు..." అని విశాల్ మొదలుపెట్టాడు.

"మిరపకాయ పొగకి టెస్టు చెయ్యరండీ. టైమవుతోంది, కారు తియ్యండి."

సుధ కారుకి ఆనుకుని బూటు తొడుక్కుంది. హడావిడిలో ముడి పడటం లేదు. నేనే వంగి కట్టాను, తొందరగా విప్పుకోడానికి వీల్లేకుండా బిగించి కట్టాను.

"వదినా..." అంది.

"మాట్లాడకు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది" అన్నాను. అది నిజమే.

కారు కదిలే ముందు అత్తయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి కూతురి తల నిమిరింది. "మంచు పడే చోట నిలబడమాకు" అంది. అప్పుడు ఏడ్చింది.

కారు మలుపు తిరిగింది. పాపని ఇంటి ముందు తోటలోనే ఆడుకోమని, లోపలికొచ్చి కిటికీలన్నీ తీసి, అలారం కింద తువ్వాలుతో విసిరి విసిరి దాని నోరు మూయించాను. వంటింట్లోకి వచ్చేసరికి అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మూకుట్లో బొగ్గయిన మిరపకాయలు. పక్కన పప్పు లేదు, కూర లేదు, చారు లేదు.

"దేనికే ఈ పోపు?" అంది.

మూకుడు తీసి సింకులో పెట్టి నీళ్ళు వదిలాను. చుయ్యిమంది. అబద్ధమొకటి నోటి దాకా వచ్చింది గాని చెప్పబుద్ధి కాలేదు.

"దాన్ని చూస్తే నాకు కుళ్ళత్తయ్యా. ఈ వేసవంతా కుళ్ళే. అది వెళ్ళకూడదని మీకంటే నేనే ఎక్కువ కోరుకున్నాను. ఆ మంచు పెళ్ళల కబుర్లన్నీ అందుకే మోసుకొచ్చాను."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మరి పంపించావేం?"

"అది ఆగిపోతే ఈ ఇంట్లోంచి ఇంకెవరూ వెళ్ళరు."

"ఇంకెవరున్నారు వెళ్ళడానికి?"

"నేను" అన్నాను. "వచ్చే ఏడు నేనూ రాస్తానత్తయ్యా. సీటొస్తే వెళ్తాను. పాపని వెంటబెట్టుకునైనా వెళ్తాను."

ఆ మాట విశాల్‌తో అనలేదు. నాతో నేను కూడా అంతవరకూ అనుకోలేదు.

అత్తయ్య నన్నే చూస్తూ నిలబడింది. గదిలో ఘాటు ఇంకా పోలేదు. ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు చిన్నవయ్యాయి, నోరు సగం తెరుచుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ గభాల్న చూపుడువేలు ముక్కు కింద అడ్డం పెట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదలకుండా నొక్కిపట్టి, ఆ తుమ్ముని మింగేసింది.

"కిటికీ ఇంకాస్త తియ్యి" అంది.